బావా అన్న పిలుపు

"ఏవండీ, నా పేరు తీసెయ్యమని ఆ అమ్మాయితో చెప్పండి."

ఆ అమ్మాయి అక్కడే ఉంది. అత్తగారికి మూరెడు దూరంలో, పాలు పొంగకుండా గిన్నె మీదే చూపు నిలిపి నిలబడింది. అయినా భ్రమరాంబ మాట హాల్లో పేపరు పట్టుకుని కూర్చున్న భర్త దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి చుట్టు తిరిగి రావలసిందే. ప్రివ్యూ షోలో విశ్రాంతి పడగానే లేచి ఇంటికొచ్చేసిన దగ్గర్నుంచీ గోపాలపట్నంలోని ఆ ఫ్లాట్లో ఇదే వరస.

భీమశంకరరావు పేపరు దించలేదు. "హేమా, మీ అత్తయ్య పేరు తీసెయ్యమంటోందమ్మా."

"ఇనపడింది మావయ్యా. తియ్యనని సెప్పండి."

"తియ్యదటే."

"నాకూ చెవులున్నాయి!"

పాలు పొంగాయి. అత్తాకోడళ్ళు ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాపారు. ఇద్దరూ ఒకేసారి వెనక్కి తీసుకున్నారు. సగం పాలు స్టవ్ పాలయ్యాయి.

ఆ పేరు మామూలుది కాదు మరి. సినిమా మొదలవగానే తెర మీద 'కథ: భ్రమరాంబ' అని పడుతుంది. ఆవిడ కొత్తగా పెళ్ళయి, గోదావరి పక్క పల్లెటూరి నుంచి స్టీల్ ప్లాంటు క్వార్టర్సుకి కాపురానికొచ్చిన రోజుల్లో రాసిన డిటెక్టివ్ సీరియల్ 'పదకొండో గోదాము'. అది వస్తున్నన్నాళ్ళూ ఆ వారపత్రిక కోసం బస్టాండు బడ్డీల దగ్గర జనం కాచుకు కూర్చునేవారు. ప్రైవేటు డిటెక్టివ్ కనకరత్నం అంటే అందరికీ ఇంట్లో మనిషే.

ఇన్నేళ్ళకి దాన్ని సినిమాగా తీసింది ఎవరో కాదు, కోడలు హేమశ్రీ. మల్కాపురం పిల్ల. కొడుకుని చూసి కాదు, అత్తగారిని చూసి పెళ్ళి చేసుకుందని ఆ కొడుకు అనిరుధ్ ఇప్పటికీ ఏడిపిస్తుంటాడు. అందులో పూర్తిగా అబద్ధం కూడా లేదు.

"ఇంత కష్టపడి తీసిన పిల్ల. పేరు తీసేస్తే దానికెంత చిన్నతనం?" అన్నాడు భీమశంకరరావు.

"నాకు కాలేదా చిన్నతనం? హాలు నిండా జనం. నా కనకరత్నాన్ని పట్టుకుని నవ్వారండీ. విరగబడి నవ్వారు."

అక్కడుంది అసలు నొప్పి.

నవలలో ఓడల సరుకు విడిపించే జగ్గారావనే క్లియరింగ్ ఏజెంటు పోర్టు దగ్గర గోదాములో హత్యకి గురవుతాడు. తలుపు ఎవరికి తీశాడో ఎవరూ చూడలేదు. వాచ్‌మన్ వరహాలు మాత్రం ఒక మాట విన్నాడు. తలుపు తీస్తూ జగ్గారావు, "ఏటి బావా?" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాట పట్టుకుని కనకరత్నం తీగ లాగుతాడు. జగ్గారావుకి ఉన్నది ఒకే ఒక్క అక్క. కాబట్టి ఉన్నది ఒకే ఒక్క బావ. ఎప్పుడూ లవంగం నములుతూ, నవ్వుతూ తిరిగే ఆ పెద్దమనిషే హంతకుడు. ఆ రోజుల్లో ఆ ముడి విప్పిన తీరుకి ఉత్తరాలు బస్తాల్లో వచ్చాయని ఆవిడ చెబుతుంది. భీమశంకరరావు మాత్రం సంచీల్లో వచ్చాయంటాడు.

సినిమాలో కూడా విశ్రాంతి దాకా అంతా అచ్చం అలాగే జరిగింది. కనకరత్నం బావ చేతికి సంకెళ్ళు వేయించాడు. జీపు కదిలింది. అప్పుడు గేటు వేస్తూ వరహాలు వెనక్కి తిరిగి, ఏదో మామూలు సంగతి అడిగినట్టు, "బావంటే బావేనేటి బాబూ?" అన్నాడు. కనకరత్నం నోరు తెరిచి ఉండిపోయాడు. తెర మీద 'విశ్రాంతి' అని పడింది. హాలు గొల్లుమంది.

భ్రమరాంబ చెప్పులు వెతుక్కుంది.

"ఏవండీ, ఆ అమ్మాయిని అడగండి. డిటెక్టివ్ కథకి ఒక ధర్మం ఉంటుందా ఉండదా? డిటెక్టివ్ దెబ్బలు తినొచ్చు, దారి తప్పొచ్చు. కానీ 'ఇతనే' అని వేలు చూపించాక ఆ వేలు తప్పకూడదు. అది తప్పితే ఇంక పాఠకుడు ఎవర్ని నమ్మాలి?"

హేమశ్రీ స్టవ్ తుడుస్తూనే అంది. "మావయ్యా, ఆ ధర్మాలన్నీ నాను అత్త పుస్తకంలోంచే నేర్సుకున్నానని సెప్పండి. ముడి ఇప్పే దారాలన్నీ సదివేవోడి ముందే పరవాల. హంతకుడు సివర్లో ఆకాసంలోంచి ఊడిపడకూడదు, మొదట్లోనే వచ్చి ఎదురుగా కూసోవాల. ఒక్కటైనా తప్పీసినానేటో అడగండి."

"అయితే నా హంతకుణ్ణి ఎందుకు మార్చావే? మరి ఎవడు వాడు?"

అనేసింది. నేరుగా కోడలితోనే అనేసింది. హాల్లో పేపరు మెల్లగా కిందికి దిగింది. దాని వెనక భీమశంకరరావు మొహం వెలిగిపోతోంది.

హేమశ్రీ మాత్రం నవ్వలేదు. "సెప్పనత్తా."

"సెప్పవూ?"

"వారం వారం సివరి లైన్లో తలుపు మీద ఎవలో కొట్టినారని రాసీసి, ఊరందర్నీ ఏడు రోజులు ఏడిపించినోరు మీరే గదా. సగంలో లేచి ఎల్లొచ్చీసినారు. మిగతా సగం సూడండి, తెలుస్తాది."

భ్రమరాంబకి కోపం నషాళానికి అంటింది. ఆ కోపంలో సగం కోడలు అన్నది నిజం కావడం వల్ల.

"చూడక్కర్లేదు. నేను చెప్తాను. మొదటి సగం చూశానుగా. ముప్ఫై సీరియళ్ళు రాసినదాన్ని, వాడెవడో పట్టుకోలేనా? పట్టుకుంటే నా పేరు తీసెయ్యాలి."

"పట్టుకోలేకపోతే?"

"శుక్రవారం రిలీజుకొచ్చి, చివరిదాకా కూచుని చూస్తాను. నోరెత్తను."

"ఒక్క పేరే సెప్పాల. రెండో సాన్సు ఉండదు."

"ఒక్కటి చాలు."

మావయ్య సాక్షి. పందెం కుదిరింది.

ఆ పగలంతా ఆవిడ ఆనపకాయ ముక్కలు తరుగుతూ ఆలోచించింది. వంటింటి గట్టు మీద ముక్కలు నాలుగు కుప్పలయ్యాయి. ఒక కుప్ప జగ్గారావు భార్య. ఒకటి లాయరు. ఒకటి లారీల కాంట్రాక్టరు. ఇంకోటి ఎవరో ఆవిడకే తెలీదు.

"లాయరు కాదండీ," అంది భర్తతో. "లాయరు వచ్చినప్పుడల్లా వెనక ఆ వీణో ఏదో మోగుతోంది. వీడే, వీడే అని డప్పు కొట్టి చెప్తున్నారంటే వాడు కాడన్నమాట. భార్యా కాదు. ఆవిడ ఏడుపు మరీ తక్కువ పెట్టింది. అనుమానం రావాలని పెట్టింది."

"మరి పేరున్న నటుడెవరైనా చిన్న వేషంలో ఉన్నాడేమో చూడు. సినిమాల్లో వాడే కదా."

"అదీ చూశాను. అందరూ కొత్తవాళ్ళే. కావాలనే కొత్తవాళ్ళని పెట్టుకుంది." ఆవిడ కత్తిపీట మీద చెయ్యి ఆపింది. "ఒకటి చెప్పనా? పుస్తకంలో మనిషిని దాచడం తేలిక. 'ఒక చెయ్యి తలుపు తోసింది' అని రాస్తే అయిపోయింది. సినిమాలో ఆ చెయ్యి చూపించాలిగా. నల్ల గ్లవ్స్ తొడిగితే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. ఈ పిల్ల ఏం చేసిందో గమనించారా? చెయ్యి చూపించలేదు, నీడ చూపించలేదు. గోదాము పక్క నుంచి గూడ్సు పోతూ ఉంటుంది. ఆ చప్పుడులో వాచ్‌మన్ మొహం ఒక్కటే చూపించింది. వాడు విన్నాడని మనకి తెలుస్తుంది. అది ఎలా వినపడిందో తెలీదు."

"అయితే బాగుందంటావు."

"బాగుందనలేదు. తెలివైందన్నాను."

డ్యూటీ దిగి వచ్చిన అనిరుధ్‌ని గుమ్మంలోనే పట్టుకుంది. "ఒరేయ్, నీకు తెలుసుగా. ఎవడ్రా?"

"అమ్మా, నేను చెబితే నా కాపురం కూలుతుంది. చెప్పకపోతే నీ చేతి అన్నం పోతుంది. కేంటీన్లో తినేసొచ్చాలే," అని వాడు గదిలోకి తప్పుకున్నాడు.

భీమశంకరరావు తరిగిన ముక్క ఒకటి వేళ్ళతో తిప్పుతూ అన్నాడు.

"భ్రమరా. బావ హంతకుడు కాడని సినిమాలో తేలితే, నాకొకందుకు సంతోషమేనే."

ఆవిడ ఇంకో కాయ అందుకుంది.

వాళ్ళిద్దరి మధ్య ఆ సంగతి ఎప్పుడొచ్చినా ఇలాగే ఆగిపోతుంది. ఆయన చెల్లెలు శ్రీసత్య. ఆమె భర్త దేవీప్రసాద్ పోర్టులో పనిచేసేవాడు. ఆ రోజుల్లో రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో ఉన్నట్టుండేవి. దేవీప్రసాద్ జేబులో ఎప్పుడూ లవంగాల డబ్బీ ఉండేది. నవ్వుతూ తిరిగేవాడు. నవలలో బావకి ఏదో ఒక అలవాటు కావలసి వచ్చి, భ్రమరాంబ కళ్ళెదురుగా ఉన్న ఆ డబ్బీని తీసి అతని జేబులో వేసింది. అంతకు మించి ఆవిడ మనసులో ఏమీ లేదు. కానీ ఆఖరి భాగం అచ్చయిన మర్నాటి నుంచీ పోర్టులో తోటివాళ్ళు, "ఏమోయ్ హంతకుడూ, లవంగం ఉందా?" అని మొదలెట్టారు. మొదట అతనూ నవ్వాడు. తరవాత డబ్బీ మానేశాడు. ఆ తరవాత ఈ గుమ్మం తొక్కడం మానేశాడు. భర్త రానిచోటికి శ్రీసత్య రాలేదు. వాళ్ళుండే మల్కాపురం ఎంత దూరం? అయినా పెళ్ళిళ్ళలో ఎదురైతే పలకరింపుగా తలాడించడం తప్ప అన్నాచెల్లెళ్ళకి మరోటి మిగల్లేదు.

"అది కథండీ," అంది చివరికి. "లోకంలో లవంగాలు మీ బావగారొక్కరే నమిలారా?"

"నేనేమన్నానే?"

ఏమీ అనలేదు. ఎప్పుడూ అనలేదు. అందుకే ఆవిడకి ఎక్కువ బాధ.

మర్నాడు పూర్ణా మార్కెట్‌కి ఆటో మాట్లాడుకున్నారు. వాళ్ళ వీధి అప్పలరాజే. చెవిలో ఫోను ఇరికించుకుని బండి తోలుతున్నాడు.

"ఏటి బావ? నాను మార్కెట్‌కి ఎల్తన్నాను బావ. సాయంత్రం కలుద్దారి."

కంచరపాలెం దగ్గర ట్రాఫిక్ ఆగింది. అప్పలరాజు పక్క ఆటో వైపు తల పెట్టాడు. "బావ, గేస్ ఏ బంకులో దొరుకుతంది?" తరవాత అడ్డంగా ఆపిన అరటిపళ్ళ బండివాడితో, "బావ, సిటికెడు జరుపు బావ." మళ్ళీ ఫోను మోగింది. ఇంకో గొంతు. "సెప్పు బావ."

భ్రమరాంబ ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో రోజూ వింటున్న మాటే అది. చెవి పక్క నుంచి గాలిలా పోయే మాట. ఇవాళ మాత్రం పోలేదు. లోపలికి వెళ్ళి, ఎక్కడో తగిలి, అక్కడే నిలబడింది.

"అప్పలరాజూ, నీకెంతమంది బావలయ్యా?"

"బావలేటమ్మా?" అతనికి ప్రశ్నే అర్థం కాలేదు. అద్దంలో చూసి, అర్థమై, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. "ఓ, అదా! మాటవరసకమ్మా. ఊరంతా బావే."

ఆవిడ భర్త వైపు తిరిగింది. "మిమ్మల్ని కూడా అనేవారా? ప్లాంటులో?"

"అనకేం? మా సెక్షన్లో అందరికీ అందరూ బావలే."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఇందులో చెప్పడానికేముందే? నీకు తెలీదనుకోవాలా?"

తెలుసు. తెలియకపోవడమేమిటి! కానీ ఆ సీరియల్ రాసేనాటికి ఈ ఊరొచ్చి ఏడాది తిరగలేదు. ఆవిడ పుట్టిన ఊళ్ళో బావంటే బావే. అక్క మొగుడో, మేనత్త కొడుకో, సరసమాడడానికి హక్కున్నవాడు. దారినపోయేవాణ్ణి బావా అంటే చెంప పగులుతుంది. తరవాత ఈ ఊరి మాట చెవికి అలవాటైంది గానీ, తను రాసి మడతపెట్టి పెట్టెలో దాచుకున్న కథని మళ్ళీ తీసి ఈ చెవితో వినలేదు. 'ఏటి బావా' అన్నాడంటే ఆ తలుపు అవతల ఉన్నది ఊళ్ళో ఎవరైనా కావచ్చు. కనకరత్నం వేలు ఉత్తినే ఒక మనిషి వైపు తిరిగింది.

మార్కెట్లో ఏం కొన్నారో ఆవిడకి గుర్తులేదు. సిగ్గుతో మెడ దాకా కాలిపోయింది.

ఇంటికొచ్చాక సంచీ దింపకుండానే కోడల్ని అడిగింది. "మీ మల్కాపురంలో నా సీరియల్ చదివారుగా. నవ్వుకున్నారా?"

హేమశ్రీకి అర్థమైంది. లాప్‌టాప్ మూసేసింది.

"లేదత్తా."

"నిజం చెప్పు."

"మాయమ్మ నారాయణమ్మ మీ సీరియల్ పేజీలు సింపి, దారంతో కుట్టి దాసింది గదా. నాను అదే సదివినాను. దాంట్లో ఆఖరి వారం నేదు. ఆ వారం మాకు పుస్తకం దొరకనేదు. దాని ముందు వారం మీరు 'జగ్గారావు బావే హంతకుడు అన్నాడు కనకరత్నం' అని ఆపేసినారు. మాయమ్మ ఏటందో తెలుసా? 'ఆ డిటెట్టివు గోదారోడే, పాపం. ఊరికి కొత్త. బావంటే నిజం బావ అనుకున్నాడు. భ్రమరాంబ గారు ఊరుకోరు. వచ్చే వారం ఆడి కళ్ళు తెరిపించెత్తారు, సూడు' అంది. సిన్నప్పట్నుంచీ నాను అదే నమ్మినాను. మీరు అంత ఎటకారంగా మమ్మల్ని తిప్పి, సివర్లో ఆ మనిసిని ఇడిపించీసుంటారని."

భ్రమరాంబ కుర్చీలో కూర్చుంది.

"పెళ్ళయి ఈ ఇంటికొచ్చాకే మీ కాపీలో ఆఖరి వారం సదివినాను," అంది హేమశ్రీ, గొంతు తగ్గించి. "మాయమ్మకి ఇప్పటికీ సెప్పనేదు."

కింద వీధిలో గేస్ సిలిండర్ల బండి గలగలమంటూ పోయింది.

"అయితే ఈ సినిమా..."

"మాయమ్మ సదవని ఆఖరి వారం అత్తా. మీ కథలో ఒక్క సీనూ తీసి పారెయ్యనేదు. కనకరత్నాన్ని గోదారోణ్ణి సేసినానంతే. తప్పు రాసినోరిది కాదు, ఆడిది. ఇప్పుడు దిద్దుకునేదీ ఆడే."

తన పొరపాటుని ఈ పిల్ల తన మీంచి తప్పించి, డిటెక్టివ్ నెత్తిన పెట్టి, అక్కణ్ణుంచి కథ నడిపించింది. అలా నడపొచ్చని తనకెప్పుడూ తట్టలేదు. భ్రమరాంబకి కోడల్ని దగ్గరికి లాక్కోవాలనిపించింది. కానీ పందెం పందెమే.

"ఇదిగో, నా ఒక్క పేరు. వాచ్‌మన్ వరహాలు. ఆ మాట విన్నది వాడొక్కడే. విన్నానని చెప్పింది వాడే. అసలా మాట పుట్టించిందే వాడైతే?"

హేమశ్రీ కళ్ళు మెరిశాయి. ఒక్క క్షణం ఆవిడకి గెలిచాననే అనిపించింది.

"అబ్బ, ఎంత బాగుందత్తా! ఇది నాకు ముందే తట్టుంటే తీసీసుందును." హేమశ్రీ తల అడ్డంగా ఊపింది. "కానీ కాదు. ఆడు నిజమే సెప్పినాడు. శుక్రవారం మ్యాట్నీ. మీ పక్క సీటు మావయ్యకి."

శుక్రవారం జగదాంబ సెంటర్లో హాలు నిండింది. మొదటి సగం భ్రమరాంబ నోరెత్తకుండా చూసింది. ఈసారి 'బావంటే బావేనేటి బాబూ' అని వరహాలు అనగానే గొల్లుమన్న జనంలో వెటకారం ఏమీ వినిపించలేదు. తమ ఊరి మాట తెర మీద దొరికినందుకు మురిసిపోతున్నారు. ఎంత మురిసిపోతున్నారంటే, ఆవిడ పక్కనున్న భీమశంకరరావు కూడా ఈల వెయ్యబోయి, భార్యని చూసి ఆగాడు.

రెండో సగంలో కనకరత్నం జేబులో భూతద్దం పెట్టుకోలేదు, ఎవరి వెంటా పరుగెత్తలేదు. టీ బడ్ల దగ్గర, లారీల అడ్డాల్లో, ఫిషింగ్ హార్బర్లో కూర్చుని ఊరి మాట విన్నాడు. అడుగడుగునా బావలే. ప్రతి బావా ఒక అనుమానితుడే. హాలంతా నవ్వుతోంది, నవ్వుతూనే భయపడుతోంది. ఆవిడ కూడా నవ్వింది. నవల్లో తను ఒక్క పేరాలో తేల్చేసిన మాటని ఈ పిల్ల ఇంతసేపు, ఇంత ముద్దుగా నడిపిస్తోంది.

అప్పుడు కనకరత్నం మళ్ళీ వరహాలు దగ్గరికి వెళ్ళాడు. "ఏమన్నాడో చెప్పావు. ఎలా అన్నాడో చెప్పలేదు. అన్నట్టే అనవా?"

వరహాలు కళ్ళు మూసుకుని అన్నాడు. "ఏటి బావా."

ఆ గొంతులో సరసం లేదు, అక్క మొగుడి మీద ఉండే మర్యాద లేదు. రోజూ పక్కన కూర్చునేవాడితో అన్నట్టు విసుగ్గా, చివర తేలిపోతూ ఉంది. అచ్చులో ఆ రెండు మాటలూ ఎన్నిసార్లు వేసినా ఒక్కలాగే ఉంటాయి. తను ఎంత గొప్పగా రాసినా ఆ తేడా కాగితం మీద నిలవదు. ఇది సినిమా మాత్రమే చెయ్యగల పని, దాన్ని ఆ చోటు కోసమే దాచిపెట్టింది హేమ.

తెర మీద మొదటి సీను మళ్ళీ మెరిసింది. కనకరత్నం గదిలో కాఫీ తాగుతూ, స్నేహితుడి హంతకుణ్ణి పట్టుకోమని అడ్వాన్సు ఇచ్చిన పెద్దమనిషి. జగ్గారావు వ్యాపారంలో భాగస్తుడు వీరేంద్ర. మధ్యలో ఫోనొస్తే, అందరి ముందూ, అదే తేలిపోయే గొంతుతో, "ఏటి బావా" అన్నాడు. రోజూ పక్కపక్కన కూర్చున్న భాగస్తులిద్దరికీ ఒకే పిలుపు అలవాటైపోయింది.

భ్రమరాంబ భర్త ముంజేయి పట్టుకుంది. "వీరేంద్రండీ! నేను మర్చిపోయినవాడు!"

"ష్," అన్నారు ముందు వరసలో.

నిజంగానే మర్చిపోయింది. సీరియల్ మొదటి వారంలో వీరేంద్ర వచ్చాడు, డబ్బిచ్చాడు, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. రెండో వారానికి అనిరుధ్ కడుపులో పడి, వేవిళ్ళతో తల ఎత్తలేని స్థితిలో రాసింది. ఆ తొందర్లో వాడు కథలోంచి జారిపోయాడు. ఆ తరవాత ఏ పాఠకుడూ అడగలేదు. పత్రికవాళ్ళూ అడగలేదు. ఆ కాఫీ కప్పు అలాగే టేబుల్ మీద ఉండిపోయింది. దాన్ని ఈ పిల్ల ఒక్కతే చూసింది. హంతకుడు మొదట్లోనే వచ్చి ఎదురుగా కూర్చోవాలన్న ధర్మం తప్పలేదు. తనే కూర్చోబెట్టి, తనే మర్చిపోయింది.

ఆఖరి సీనుకి అందర్నీ హాల్లో పోగుచేశారు. డిటెక్టివ్ కథ అన్నాక అది తప్పదు. చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ నడిచి, ఒక్కొక్కరి ముందూ ఆగి, చివర్లో వేలు చూపించాలి. కానీ అప్పటికే వీరేంద్రని పోలీసులు తీసుకుపోయారు. ఆ హాలు బావ ఇంట్లోది. పోగైనవాళ్ళు అతణ్ణి వెలివేసిన చుట్టాలు. కనకరత్నం ఎవరి మీదా వేలు చూపించలేదు. బావ ముందు నిలబడి, అందరూ వినేలా అన్నాడు. "ఈయన కాదండీ. నేను పొరబడ్డాను. మీరు కూడా ఇంక పొరబడకండి."

బావ జేబులోంచి డబ్బీ తీసి, ఒక లవంగం అతని చేతిలో పెట్టాడు.

భ్రమరాంబ ఏడ్చింది. కళ్ళు తుడుచుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు. ఇన్నేళ్ళు గడిచినా ఈ సీను రాయడం తనకి చేతకాలేదు, తను రాయాల్సిన సీనే ఇది.

పేర్లు పడుతున్నాయి. 'కథ: భ్రమరాంబ' అని పెద్దగా, దాని కింద 'స్క్రీన్‌ప్లే, దర్శకత్వం: హేమశ్రీ' అని చిన్నగా. జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. వరస చివర కోడలు చేతులు నలుపుకుంటూ ఆవిడనే చూస్తోంది.

"నా పేరు పైన వేశావేమే?" అంది భ్రమరాంబ, చప్పట్ల మీదుగా గొంతెత్తి. "పక్కపక్కన వెయ్యాల్సింది."

హేమశ్రీ మొహం విచ్చుకుంది. కానీ ఆ చూపు అత్తగారి మీద నిలవలేదు. ఆవిడ భుజం మీదుగా వెనక వరసల్లోకి పోయి, గాభరాగా కిందికి వాలిపోయింది. అనిరుధ్ అటు వైపు తిరిగి, అకస్మాత్తుగా ఫోను చూసుకోవడం మొదలెట్టాడు.

వీళ్ళేదో చేశారు. ఏం చేశారు?

దీపాలు పూర్తిగా వెలిగాయి. వెనక మెట్ల మీంచి, చప్పట్లు తగ్గుతున్న సందులోంచి, ఒక ముసలి గొంతు వినిపించింది.

"బావా!"

పది వరసల్లో పదిమంది మగవాళ్ళు తల తిప్పారు. ఒకడు "ఏటి బావా?" అని కూడా అన్నాడు. భీమశంకరరావు మాత్రం తిరగలేదు. సీటు కింద చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఈ ఊళ్ళో ఆ పిలుపుకి పలకడం ఆయన ఎప్పుడో మానేశాడు.

ఇన్నేళ్ళ తరవాతైనా భ్రమరాంబ ఆ గొంతుని గుర్తుపట్టింది. ఆ గొంతులో సరసముంది, అలకుంది, పలకడేమోనన్న భయం ఉంది. వెనక్కి తిరిగి చూడాలంటే ధైర్యం చాలలేదు. భర్త భుజం మీద చెయ్యి వేసింది.

"ఏవండీ," అంది. "ఆ పిలిచింది మిమ్మల్నే."